రాయచూరు కోయిలకు రైక గుడ్డ

ఆ రోజుల్లో గొంతు ఒకచోట, మనిషి ఇంకోచోట. ఇప్పటి పిల్లలకు పాట వినకముందే పాడినవాళ్ల మొహం, వాళ్ల ఇల్లు, వాళ్ల కుక్కపిల్ల, వాళ్లు పొద్దున తిన్న టిఫిను కూడా ఫోనులో కనిపిస్తున్నాయి. మాకు గొంతు మాత్రమే దొరికేది. మిగతా మనిషిని మేమే తయారు చేసుకోవాలి. ఆ తయారీలో నేను ఎంత దూరం పోయానో, చివరికి వనపర్తి మైదానంలో నా పని ఎలా ముగిసిందో చెబుతాను. అప్పటికి నాకు ఇరవై రెండో ఇరవై మూడో. అంటే పని చెప్పేటప్పుడు ఇంట్లో అందరికీ పెద్దవాణ్ణి, నేనొక మాట చెప్పబోతే మాత్రం చిన్నవాణ్ణి.

మాది గద్వాల. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, అంటే గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవి. ఒకదాని ముందు మా నాయన, ఇంకోదాని ముందు నేను. గోడవారగా రాట్నం పెట్టుకుని మా మేనత్త నూలు కండెలు చుట్టేది. ఆమె నాయనకు అక్క. పెనిమిటి పోయాక మా ఇంటికే వచ్చేసింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది గనుక ఇంటి పెత్తనమంతా అత్తమ్మదే. (నాయన పెత్తనం మగ్గాల వరకే. అది కూడా అత్తమ్మ కండె అందించినంతసేపే.) ఆ యేడు ఉగాదికి, రాయచూరులో పత్తి మిల్లులో పనిచేసే మా బావ అక్కను తీసుకుని వచ్చి, పోతూ పోతూ ఒక పాత టేపు రికార్డరును, ఒక క్యాసెట్టును మాకు వదిలిపోయాడు. అది ఎవరో ఆర్కెస్ట్రా జరిగేచోట జనంలో కూర్చుని రికార్డు చేసిన క్యాసెట్టు. బావకు ఇంకెవరో ఇచ్చారట. పాటలతో పాటు ఈలలు, ఒక పసిపిల్ల ఏడుపు, "ఏయ్, కుంద్రలే!" అని ఎవరినో కూర్చోమని కన్నడంలో గదమాయించే పెద్దమనిషి, అందరూ అందులో ఉన్నారు. మధ్యలో ఒకాయన మైకులో, "ఈగ నిమ్మ ముందె, రాయచూరిన కోగిలె!" అంటాడు. ఇప్పుడు మీ ముందుకు రాయచూరు కోయిల, అని. (గద్వాలలో ఆ మాత్రం కన్నడం అందరికీ వస్తుంది.) తరువాత ఆ గొంతు వస్తుంది. మాగిన సీతాఫలం గుజ్జులాంటి మెత్తని ఆడగొంతు. పై స్థాయికి పోయినప్పుడు మాత్రం ఎక్కడో చిన్న జీర. ఆ జీర దగ్గరే నేను పడిపోయాను.

ఇక ఆమెను తయారు చేయడం మొదలుపెట్టాను. సన్నగా, చామనఛాయగా, పెద్ద జడతో ఉండేది. చీర మాత్రం నా మగ్గం మీద ఏది నడుస్తుంటే అదే కట్టుకునేది. మగ్గం మీద వంకాయరంగు చీర ఉంటే వంకాయరంగు, అది దించి ఆకుపచ్చ ఎక్కిస్తే ఆకుపచ్చ. జరీ అంచు బాగా కుదిరిన రోజు ఆమె నవ్వేది కూడా. పాట వేగం పెరిగితే దారాన్ని అటూ ఇటూ లాక్కుపోయే నా నాడె వేగం పెరిగేది, పోగులు తెగేవి. "గా కోయిలను జర బంద్ చెయ్‌రా, నీ పోగులు అతికేసరికే పొద్దువోతున్నది" అని నాయన పక్క గుంటలోంచి అరిచేవాడు. అత్తమ్మ మాత్రం రాట్నం ఆపి వినేది. "ఏం గొంతురా బిడ్డా! గీ పిల్ల ఇంట్ల తిరుగుతుంటే దీపం గూడ అక్కర్లేదు" అనేది. గొంతుకూ దీపానికీ సంబంధమేమిటో నాకు తెలియదు గాని, ఆ మాట నా మనసులో ఉన్నట్టే ఉండడంతో నేను కాదనలేదు.

ఆ యేడంతా నాకు సంబంధాలు వచ్చాయి. వచ్చినవాటికల్లా ఏదో ఒక వంక పెట్టాను. ఒక పిల్ల బాగా పొడుగన్నాను, ఒక ఊరు బాగా దూరమన్నాను. (ఆ ఊరు అయిజ. సైకిలు మీద పోయిరావచ్చు.) చివరికి నాగర్‌కర్నూలు సంబంధం వచ్చింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నేను తల వంచుకుని నేస్తూ ఉండిపోయాను. నాయనకు కోపం వచ్చింది. "వీని మనసుల ఏముందో జర నువ్వన్న అడుగు" అని అత్తమ్మకు అప్పగించాడు. అత్తమ్మ నేరుగా నా గుంట పక్కన కూర్చుని, "గా గొంతుపిల్లను చేసుకుంటవా ఏంది?" అంది. నేను మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

వినాయక చవితి రోజుల్లో గద్వాల బస్టాండు గోడ మీద ఒక పోస్టరు కనబడింది. వనపర్తిలో గణేశ్ మండపం వాళ్లు పెద్ద మైదానంలో ఆర్కెస్ట్రా పెట్టిస్తున్నారు. రాయచూరు కోయిల వస్తుంది. ఫోటోకు బదులు కోయిల బొమ్మ వేశారు. (అది అచ్చం కాకిలా ఉంది. నేను పట్టించుకోలేదు.) విషయం చెప్పగానే నాయన నాడె పక్కన పెట్టాడు.

"సూడు. గీ ఒక్కసారి వొయ్యి రా. వచ్చినంక నాగర్‌కర్నూలోళ్లకు అవునో కాదో చెప్పాలె. వాళ్లు ఎన్నొద్దులని ఆగుతరు?"

"నేనూ పోత" అంది అత్తమ్మ. "పిల్లను సూస్త. మంచిగుంటే అమ్మానాయిన ఎవరో అడిగొస్త."

"మనోళ్లేనా కాదా తెల్వకుండనే?"

"గొంతు మనదే తియ్" అని అత్తమ్మ ఆ చర్చ ముగించింది.

నేను రెండు రోజులు కూర్చుని ఒక రైక గుడ్డ నేశాను. పిల్లను చూడబోయేటప్పుడు ఒట్టి చేతులతో పోకూడదని అత్తమ్మ పట్టు. ముదురు ఎరుపు, సన్నని జరీ అంచు. నా మొత్తం పనితనంలో అంత చిన్నదీ అంత శ్రద్ధగా చేసిందీ మరొకటి లేదు. అత్తమ్మ దాన్ని పసుపు కుంకుమలతో కలిపి సంచిలో పెట్టుకుంది. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, ఒడ్డున ఉన్న ఆంజనేయస్వామికి చేతులెత్తి, "స్వామీ, పిల్ల కుదరాలె" అని పైకే మొక్కింది. పెళ్లి ఊసే లేని దేవుణ్ణి పెళ్లి సంగతి అడిగితే ఎలా ఉంటుందో నేను అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

మేము చేరేసరికి ఇంకా వెలుతురుంది. మైదానం అప్పుడే సగం నిండింది. కట్టెలు పాతి ట్యూబులైట్లు కట్టారు. మూల నుంచి జనరేటరు దడదడలాడుతోంది. వేదిక మీద మెరిసే కోట్లు తొడుక్కున్న వాయిద్యగాళ్లు టింగు టింగుమని ఏదో సరిచూసుకుంటున్నారు. అత్తమ్మ జనాన్ని తోసుకుంటూ నన్ను లాక్కుపోయి ముందువరుసలో నేల మీద పరిచిన పరదాల మీద కూలేసింది. అప్పటినుంచి వేదిక ఎక్కిన ప్రతి ఆడమనిషినీ ఇద్దరం పరీక్షగా చూశాం. మొదట ఆకుపచ్చ చీరలో ఒకామె వచ్చింది. నేను చొక్కా సర్దుకున్నాను. ఆమె దీపం వెలిగించి దిగిపోయింది. తరువాత జడలో కనకాంబరాలు పెట్టుకున్న అమ్మాయి వచ్చింది. "గీమెనేరా!" అని అత్తమ్మ నా తొడ మీద చరిచింది. ఆ అమ్మాయి వాయిద్యగాళ్లకు చాయ్ ఇచ్చి పోయింది.

చీకటి పడ్డాక మైకులో, "ఇప్పుడు మీ ముందుకు, రాయచూరు కోయిల!" అన్నారు. మైదానమంతా ఈలలు. వేదిక మీదికి ఒకాయన వచ్చాడు. నలభై దాటినవాడు, సఫారీ డ్రెస్సు, నిండైన పొట్ట, రెండు వైపులా మెలితిప్పిన మీసాలు. మైకు సరిచేసి పోతాడనుకున్నాను. సరిచేశాడు. పోలేదు. వాయిద్యాలు మొదలయ్యాయి. ఆయన కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. ఆ గొంతు వచ్చింది.

నేను ఆయన వెనుకకు తొంగి చూశాను. అత్తమ్మ మోకాళ్ల మీద లేచి మరీ చూసింది. "యాడున్నది రా? తెర ఎనకాలున్నదా?" అని అడిగింది. పక్కన కూర్చున్న ఆసామి (కొత్తకోట నుంచి వచ్చాడట) మమ్మల్ని జాలిగా చూసి, "ఎనకాల ఎవ్వరు లేరమ్మా. గాయినే కోయిల" అన్నాడు. సీతాఫలం గుజ్జు, పై స్థాయిలో ఆ జీర, అన్నీ ఉన్నాయి. మీసాల కింద నుంచి వస్తున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను. చామనఛాయ అమ్మాయి తన జడతో సహా తిరిగి వచ్చింది. కళ్లు తెరిచాను. సఫారీ డ్రెస్సు. మళ్లీ మూశాను. ఇలా ఎన్నిసార్లు చేశానో గాని, కొత్తకోట ఆసామి నా కంట్లో నలుసు పడిందనుకుని రుమాలు ఇవ్వబోయాడు. తరువాత యుగళగీతం. ఆయన కుడివైపు తిరిగి ప్రియురాలిగా పాడాడు, ఎడమవైపు తిరిగి ప్రియుడిగా పాడాడు. ఆమెకు ప్రియుడు కూడా ఆమే. ఇద్దరి మధ్య నాకు చోటే లేదు.

ఇంతలో కాసేపు విరామమన్నారు. అత్తమ్మ సంచి చంకన పెట్టుకుని లేచింది.

"పా."

"యాడికి? ఇంటికా?"

"ఇంటికెందుకు? రైక గుడ్డ తెచ్చినం గద. ఇచ్చిపోదాం."

"అత్తమ్మా, ఆయన మొగాయన!"

"గది నాకు గూడ కనబడ్డది లే. ఆ పేరు మీద తెచ్చింది, మళ్లా ఇంటికి తీస్కపోతమా?"

ఆమె కొంగు పట్టుకుని ఆపబోయాను. ఆమెను ఆపినవాళ్లు మా వంశంలో లేరు. వేదిక వెనుక ఆయన మడత కుర్చీలో కూర్చుని వేడినీళ్లు తాగుతున్నాడు. మమ్మల్ని చూసి, "బర్రి అమ్మా, కుంద్రి" అని కన్నడంలోనే రమ్మని, లేచి కుర్చీ అత్తమ్మకు ఇచ్చాడు. మామూలుగా మాట్లాడితే ఆయనది బొంగురు గొంతు. అత్తమ్మ కూర్చుని, దాచకుండా, మగ్గం దగ్గరి నుంచి నాగర్‌కర్నూలు దాకా మొత్తం చెప్పేసింది. "ఆడపిల్లవనుకొని వచ్చినం నాయినా. గీ పిలగానికి నిన్ను చేసుకుందామని" అని నన్ను చూపించింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అది వనపర్తి నేల, గట్టిది. చీలలేదు.

ఆయన నవ్వలేదు. నీళ్ల గ్లాసు కింద పెట్టి, "ఇది మూడో సంబంధం అమ్మా" అన్నాడు. "సింధనూరు నుంచి ఒకటొచ్చింది. ఆదోని వాళ్లయితే పూలు పండ్లు గూడ తెచ్చిండ్రు."

పగలు ఆయన పత్తి మార్కెట్టులో గుమాస్తా. వాళ్ల ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి లగ్గమై బళ్లారి పోయిందట. "ఆ పొద్దు పందిరి నిండ జనం. పాడెటోళ్లు లేరు. అడ్డం తెర కట్టుకొని నేనే పాడిన. జనం ఒప్పుకున్నరు. తర్వాత తెర తీసినం. ఐన ఒప్పుకున్నరు. ఇంగెందుకు ఇడవాలె?" అన్నాడు. అత్తమ్మ తల ఊపి, ఆయన నుదుట కుంకుమ పెట్టి, రైక గుడ్డ చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. అంచు మీద వేలితో ఒకసారి రాసి, "మా అమ్మకు ఎరుపంటే ఇష్టం" అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"ఏం తమ్ముడూ, పరేషాన్ అయినవా?"

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాట ఆయన పాడే గొంతుకన్నా సన్నగా వచ్చింది.

మేము మళ్లీ ముందువరుసలో కూర్చున్నాం. విరామం తరువాత ఆయన మైకు పట్టుకుని, "ఈ పాట, గద్వాల నుంచి నా పెండ్లిసూపులకు వచ్చినోళ్ల కోసం" అన్నాడు. మైదానం మైదానమంతా విరగబడి నవ్వింది. మేమెవరో ఎవరికీ తెలియదు గనుక బతికిపోయాననుకుంటుండగానే అత్తమ్మ లేచి నిలబడి, జనం వైపు తిరిగి చేతులు జోడించింది. ఈలలు మిన్నంటాయి. నేను కొత్తకోట ఆసామి వీపు చాటున దాక్కున్నాను. (ఆయన నిజంగానే మంచివాడు. కదలకుండా కూర్చున్నాడు.) ఆ పాట మాత్రం మొదటినుంచి చివరిదాకా కళ్లు తెరిచే విన్నాను. క్యాసెట్టులోకన్నా బాగా పాడాడు. పైకి పోయినచోట మెడ నరాలు ఉబ్బాయి, చెమట మీసాల మీదికి జారింది. ఆ జీర ఎక్కడినుంచి వస్తుందో అప్పుడు చూశాను. మనిషి తన శక్తినంతా పెట్టేచోట అది వస్తోంది.

ఆ రాత్రికి వనపర్తిలో అత్తమ్మ చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే గద్వాల చేరాం. నాయన అప్పటికే మగ్గం మీద ఉన్నాడు. తల ఎత్తకుండానే, "ఏమాయె? పిల్లెట్లుంది?" అని అడిగాడు.

"పిల్ల మంచిదే, బుద్ధిమంతురాలు" అంది అత్తమ్మ చెప్పులు విడుస్తూ. "మీసాలే జర పెద్దగున్నయి."

నాయన నవ్వడం నేను చాలా రోజులకు చూశాను. ఆ పూట మగ్గం నడవలేదు. ఆయన కాసేపు ఆగడం, నా మొహం చూడడం, మళ్లీ నవ్వడం. సాయంత్రానికల్లా నాగర్‌కర్నూలుకు అవునని కబురు పోయింది. ఈసారి నన్ను ఎవరూ అడగలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ నాగర్‌కర్నూలు అమ్మాయే నా భార్య. ఆమెకు పాట రాదు. పిలిచిందంటే వీధి చివర కూరగాయల బండి ఆగిపోతుంది. పెళ్లయిన వారంలోపే అత్తమ్మ ఆమెకు కథంతా చెప్పేసింది. ఆమె విని విని నవ్వి, కళ్లు తుడుచుకుని, "మరి గాయినకు మీసాలు లేకుంటే నా గతేంది?" అని అడిగింది. మనవలు పుట్టాక కూడా ఆమె అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంది, ముఖ్యంగా నేను కూరలో ఉప్పు తక్కువైందన్నప్పుడు. అత్తమ్మ బతికి ఉంటే నా తరఫున ఏదో ఒకటి చెప్పేది.

ఒక్కోసారి అనుకుంటాను, ఆనాటి నేను, ఆ కుర్రవాడు, ఇప్పుడు గద్వాల బస్టాండులో నాకు ఎదురుపడితే ఏం చేస్తానని. కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, వనపర్తి బస్సు కోసం మెడ చాచి చూస్తుంటాడు. నాకు నవ్వు ఆగదు. కాని ఏమీ చెప్పను. బస్సు రాగానే జరిగి దారిస్తాను. వీలైతే కిటికీ పక్క సీటు కూడా ఆపి పెడతాను.