లలితమ్మ మడత చాకు

శాలిబండలో ముప్పై ఏళ్లుగా కత్తులకు సాన పడుతున్న భిక్షపతి దగ్గరికి ఓ ఉదయం మాదన్నపేట లలితమ్మ వచ్చింది. పక్షవాతంతో ఆమె కుడిచేయి పడిపోయి ఆరు నెలలైంది. చనిపోయిన భర్త మడత చాకును ఎడమచేత్తో అందించింది.

"జామకాయ కోస్తే పగుల్తది తమ్మీ, తెగుతలేదు. కోడలు కోసిచ్చేదాంక ఆగాలె."

భిక్షపతి అంచును బొటనవేలితో తడిమాడు. "పదును మంచిగనే ఉందక్కా. దానెనక రేకు మస్తు మందముంది. గందుకే లోపలికి దిగుతలేదు. పలచగ చెయ్యాలె."

"గట్లయితే ఆయన పేరు పోతదా?"

అప్పుడు చూశాడు, రేకు మీద, పదును లేని వెన్ను పక్కన మేకుతో గీసిన అక్షరాలను.

"పోనియ్య," అన్నాడు.

మోటారు చక్రం ఆపేసి, తడిపిన సానరాయి మీద చాకును దాదాపు పడుకోబెట్టి, అక్షరాలను తాకకుండా వాటి దిగువ భాగాన్నే గంటసేపు చేత్తో అరగదీశాడు. తర్వాత ఓ జామకాయ కొనుక్కొచ్చి, దొర్లకుండా సగం చేసి, చెక్క మీద బోర్లించి ఆమె ముందు పెట్టాడు.

లలితమ్మ ఎడమచేత్తోనే కోసింది. చాకు మెత్తగా దిగి, పలచని ముక్క పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని తినలేదు. రెండోది, మూడోది కోస్తూనే ఉంది. ఇంతలో మరో గిరాకీ వచ్చి నిలబడితే, భిక్షపతి అతన్ని కాసేపు ఆగమని చేత్తో సైగ చేశాడు.