సీజర్‌కు నేను నేర్పింది

నాకు నోరెక్కువని మా చుట్టాల్లో పేరు. రేషన్ షాపులో, బస్సులో, పెళ్ళి పందిట్లో, ఎక్కడైనా సరే, ఎదుటి మనిషి చివరి మాట అనేసి పోతుంటే చూస్తూ ఊరుకోలేను. అట్లాంటి నా నోట్లో ఒక మాట ఇన్నేళ్ళుగా గులకరాయిలా ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. అన్నం తిన్నా దాని పక్కనుంచే తిన్నాను. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు; తిరుమల కొండ ఎక్కిన ప్రతిసారీ వేరే కోరికలేవో కోరుకుని దిగి వచ్చాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మంచిదయింది.

ఒక కుక్కపిల్లతో మొదలుపెట్టాలి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తలో మా ఆయన వేలూరు నుంచి ఆల్సేషన్ పిల్లను తెచ్చాడు. మామిడికాయల గంపలో వరిగడ్డి పరిచి, పైన గోనెపట్టా కప్పి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మా ఇల్లు పూతలపట్టులో, చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు పక్కన. ఇంటి వెనక మా మామిడితోట. గోనెపట్టా తీస్తే లోపల రెండు చెవులు, ఒకటి నిలబడి, ఒకటి వాలి. దాని పాదాలు చూసి మా అత్త, "ఇదేం కుక్కరా, దూడ కాళ్ళు పెట్టుకోని వచ్చినాది" అనింది.

పిల్లను ఇచ్చిన మిలిటరీ ఆయన గట్టిగా చెప్పి పంపాడట. పెద్ద జాతి, పసితనంలోనే జనానికి అలవాటు చెయ్యాలి. వచ్చినవాళ్ళందరి చేతా ఒక ముద్ద పెట్టించాలి, సంతలో తిప్పాలి, లారీ హారన్లు వినిపించాలి. లేకపోతే పెరిగాక పట్టలేరు. మాటలు ఇంగ్లీషులోనే నేర్పాలట. ఇంట్లో బి.ఏ. చదివింది నేనొక్కదాన్నే కాబట్టి గొలుసు నా చేతికొచ్చింది. సీజర్ అని పేరు పెట్టాను. మా అత్తకు నోరు తిరగక "శేఖరా" అని పిలిచేది. "మా ఇంట్లో ఇంగ్లీషు తెలిసినోళ్ళు ఇద్దరే. మా కోడలూ, మా శేఖరూ" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కలలో నడిచినట్టే ఉంటుంది. పొద్దున్నే తోటంతా మంచు. ఎక్కడో బెల్లం వండుతున్న పొగ చెట్ల కిందికి పాకి వచ్చి మామిడిపూత వాసనలో కలిసేది. ఏది మంచో, ఏది పొగో తెలిసేది కాదు. "సిట్" అంటే తడి ఆకుల మీదే కూర్చునేది. "స్టే" అని నేను దూరంగా నడిచిపోయి వెనక్కి తిరిగితే, ఆ తెల్లదనంలో రెండు చెవులు మాత్రమే తేలుతూ కనిపించేవి. నా మాటకు ఎదురు చెప్పని ప్రాణిని నేను మొదటిసారి చూశాను. పాలాయన ముద్ద పెట్టాడు, పూలామె పెట్టింది, పోస్టుమాన్ పెట్టాడు. కొండ దిగి వచ్చే గుండ్లవాళ్ళు టీ కోసం బస్సు దిగితే వాళ్ళ చేతా పెట్టించాను. కొన్నాళ్ళకు కూడలిలో లారీలు అరుస్తుంటే ఆ పక్కనే కాళ్ళు చాపుకుని నిద్రపోయేది.

ఇంట్లో ఒక్క మనిషి చేత మాత్రం నేను ముద్ద పెట్టించలేదు. మా వదిన చేత.

వదిన మా ఆయనకు అక్క. కడుపు నిలవడం లేదని మొగుడు ఇంకొకామెను చేసుకుంటే, పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చేటప్పటికే వంటిల్లు ఆమెది. ఆమె చెడ్డది కాదు. అదే నా బాధ. సంకటి గట్టిపడిందంటే "సరేలే అమ్మణ్ణీ" అనేది. ఊరిబిండి పచ్చడిలో కారం చాలలేదంటే "సరేలే అమ్మణ్ణీ." గొడవ పడాలంటే అవతల మనిషి కూడా కొంచెం పడాలి కదా! మా ఆయనేమో ఆమె వడ్డిస్తేనే కడుపు నిండినట్టు లేచేవాడు. వాదించి ఓడిపోతే ఓర్చుకునేదాన్నేమో. వాదనే లేకుండా ఓడిపోవడం నాకు చేతకాలేదు.

మొదటిసారి నేను కావాలని చెయ్యలేదు. ఈ మాట మీరు నమ్మక్కర్లేదు. నేనే సగం నమ్ముతాను. ఒక మధ్యాహ్నం వదిన చేట నిండా శెనక్కాయలు ఎత్తుకుని పంచలోకి వచ్చింది. ఎండకు చేట నీడ గోడ మీద పెద్దదై కదిలింది. పిల్ల బెదిరి గుర్రుమంది. వదిన ఉలిక్కిపడితే కాయలన్నీ నేల మీద దొర్లాయి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చేతిలో ఉన్న బిస్కెట్టు దాని నోట్లో పెట్టాను.

ఆ తర్వాత చేసిందంతా తెలిసే చేశాను. వదిన అడుగుల చప్పుడు వినపడగానే గొలుసు బిగించేదాన్ని. నోటితో ఏమీ అనేదాన్ని కాదు. ఊపిరి బిగబట్టేదాన్ని, అంతే. నా ఒంట్లో ఉన్నది గొలుసు వెంట దాని ఒంట్లోకి దిగేది. మెడ మీద వెంట్రుకలు లేచేవి. అది గుర్రుమని, ఆమె వెనక్కి తగ్గి లోపలికి పోయాక, నా కొంగు చాటు నుంచి ఒక బెల్లం ముక్క. అది తోక ఊపుతూ నా కళ్ళలోకి చూసేది. పాఠం సరిగ్గా అప్పజెప్పానా అని అడిగినట్టు ఉండేది ఆ చూపు.

నాకప్పుడు ఏం కావాలి? ఆమె కొంచెం జంకాలి, వంటింటి గుమ్మం నాకు వదలాలి. అంతేనా? అంతే అని ఇప్పటికీ అనుకోవాలని ఉంది.

ఇంతలో నేను నీళ్ళోసుకున్నాను. సీజర్ అప్పటికి బాగా ఎదిగింది, నన్ను విడిచేది కాదు. దారిన పోయేవాళ్ళను కూడా ఏమీ అనని కుక్క, ఇంటి మనిషిని చూసి పళ్ళు చూపిస్తుంటే ఊరు ఊరుకుంటుందా? కాలభైరవుడి వాహనం, దానికి కనిపించేది మనకు కనిపించదు అన్నారు. కడుపుతో ఉన్నదాన్ని కాపాడుతోంది అన్నారు. మా అత్త కన్నకూతురిని అనలేక, అనకుండా ఉండలేక, "కాన్పయ్యేదాకా నువ్వు కోడలికి రవ్వంత ఎడంగా ఉండరాదా పెద్దపాపా" అనింది. నేను అక్కడే ఉన్నాను. చింతపండులో గింజలు తీస్తున్నాను. తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం, కుక్కను కట్టేసిన వేళ చూసుకుని, వదిన తోటలోకి నా దగ్గరికి వచ్చింది.

"నాయుడుపేటలో మా చిన్నమామ ఉండాడు కదా. ఆడికి పోతా ఉండా అమ్మణ్ణీ."

"ఎందుకు వదినా?"

"నాకు కడుపు నిలవలేదని మనుషులు నానా మాటలు అన్నారు. మనుషులు కదా, అంటారులే అనుకున్నా. కానీ ఆ నోరు లేనిది, ఊళ్ళో ఎవురినీ అననిది, నన్నే ఎందుకంటాది? నాలో ఏదో ఉండాది. నాకు తెలీంది అది సూసింది. నీ బిడ్డ మీద నా నీడ పడగూడదు."

"కుక్క వదినా అది. దానికేం తెలుసు?"

"దానికే తెలిసేది. దానికి అబద్దం రాదు కదమ్మా."

నేను ఊరుకున్నాను. నా జన్మలో కావాలని ఓడిపోయిన వాదన అదొక్కటే. నేనే నేర్పాను వదినా అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ పూత కాలం; రాలిన పూత ఆమె తల మీద, భుజాల మీద పడుతోంది. ఆ పసుపు వెలుగులో ఆమె మొహం ఎంత నిమ్మళంగా ఉందంటే, ఇది నాకొస్తున్న కల అనీ, ఇప్పుడెవరో నన్ను తట్టి లేపుతారనీ అనిపించింది. ఎవరూ లేపలేదు.

ఆమె పోయేనాడు అందరం రోడ్డు దాకా వచ్చాం. గొలుసు నా చేతిలో ఉంది. దూరంగా తిరుపతి బస్సు కనిపించగానే నా మనసు అటు పోయింది, చెయ్యి వదులయింది. సీజర్ మెడ చాచి ఆమె చీర కుచ్చిళ్ళు వాసన చూసింది. దాని తోక మెల్లగా ఊగింది. అది నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. మరుక్షణం నా చెయ్యి బిగిసింది. అలవాటుగా బిగిసిందా? నేనే బిగించానా? ఇన్నేళ్ళు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాను. సీజర్ గుర్రుమంది. వదిన రెండడుగులు వెనక్కి వేసి, పెట్టె కింద పెట్టి, ఆ కుక్కకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత బస్సెక్కింది.

నాకు కూతురు పుట్టింది. పెళ్ళిళ్ళలో ఎక్కడైనా కలిస్తే వదిన దూరం నుంచే దాన్ని చూసి నవ్వేది. ఎత్తుకోమని ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. నేను బలవంతం చేసేదాన్ని కాదు. సీజర్ ముసలిదై కళ్ళు మసకేశాక కూడా, వంటింట్లో చేటతో చెరిగే చప్పుడు వినబడితే గుర్రుమని నా వైపు తిరిగేది. బెల్లం కోసం. అదీ పోయింది. పోయిన వానాకాలం వదిన నాయుడుపేటలోనే పోయింది. నేను వెళ్ళి, అందరికంటే గట్టిగా ఏడ్చి వచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి కుక్కపిల్లను తెచ్చుకుంటానని పట్టుపట్టింది. "కుక్కలకు మంచోళ్ళెవరో చెడ్డోళ్ళెవరో తెలుస్తుందంట కదమ్మా" అనింది నిన్న. తెలియదు అన్నాను. ఎందుకు తెలియదో చెప్పమని వాదనకు దిగింది, నా కూతురే కదా. నేను లేచి వచ్చాను. వచ్చి ఇది రాస్తున్నాను.

వదిన ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. చెబితే తిడుతుందని కాదు. "సరేలే అమ్మణ్ణీ" అంటుందని. ఆ మాట వినడం నావల్ల కాదు. మీరూ అనకండి.

పన్ను పీకించుకున్నాక నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది చూడండి. అట్లా ఉంది నాకిప్పుడు. నొప్పి అట్లాగే ఉంది. రాయి మాత్రం లేదు.