బోగస్‌కు అర్థం చెప్పిన మేష్టారు

మా ఇంగ్లీషు మేష్టారు పోయారని సోమవారం పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో మా పాత హెడ్మాస్టరు పెట్టిన మాట: "నాకు తమ్ముడి లాంటివాడు." అది చదివాక ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఎందుకో మీకు చెప్పాలి.

మల్కాపురంలో మాది సర్కారు బడి. మేష్టారు సుద్దముక్క చెవిమీద పెట్టుకుని తిరిగేవారు. రోజూ బోర్డు మూల ఒక ఇంగ్లీషు మాట రాసి, అదెక్కడ పుట్టిందో చెప్పేవారు. "మాటక్కూడా ఊరూ పేరూ ఉంటాయిరా. కనుక్కోకుండా నోట్లో ఎట్టుకోకండి," అనేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా తనిఖీ వచ్చింది. హెడ్మాస్టరు బడిలో లేని పిల్లల పేర్లు బోలెడు రిజిస్టరులో రాసుకుని, వాళ్ళ పేరున వచ్చే మధ్యాహ్న భోజనం బియ్యం అమ్ముకునేవాడు. ఆ రోజు పక్కవీధి ట్యూషన్ పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టాడు. దొంగపేర్లకు వాళ్ళు "ప్రజెంట్ సార్" అన్నారు. ఆ రోజే మా తమ్ముడికి జ్వరం, అమ్మ రొయ్యలు ఒలిచే పనికి పోయింది, నేను ఇంట్లో ఉండిపోయాను. తనిఖీవాళ్ళు నా పేరు మీద ఎర్రగీత గీసి పక్కన ‘బోగస్’ అని రాశారు. లేనివాళ్ళు ఉన్నారు, ఉన్న నేను లేను! మర్నాడు హెడ్మాస్టరు గేటు దగ్గరే ఆపేశాడు. "నీ పేరు లేదు, ఫో."

"సదువు మన రాత కాదే. రేపట్నుంచి నాతో రొయ్యలకి వచ్చీ," అంది అమ్మ.

సంగతి తెలిసి మేష్టారు మా ఇంటికొచ్చారు. అమ్మను బతిమాలి, నన్ను స్కూటరెక్కించుకుని సీతమ్మధారలో ఉన్న తనిఖీ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళారు. బల్ల ముందు నిలబెట్టి, "ఇదిగోనండి మీ బోగస్. గిల్లి సూడండి, ఏడుస్తాది," అన్నారు.

"చిన్న పొరపాటుకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు ఆఫీసరు.

మేష్టారు అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "బోగస్ అంటే మొదట్లో దొంగనాణెం కాదండీ. అమెరికాలో దొంగనాణేలు చేసే యంత్రాన్ని అలా పిలిసేవోరు. తర్వాత నాణేనికి, ఆ తర్వాత ప్రతి నకిలీకీ ఆ పేరొచ్చింది. అంతకుముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ రూఢిగా తెలీదు. నాణేలు ఏరడం కాదు, యంత్రాన్ని పట్టుకోండి. అది మా బళ్ళో హెడ్మాస్టరు కుర్చీలో కూకుంది."

నా పేరు మళ్ళీ ఎక్కింది. యంత్రం జోలికి ఎవరూ పోలేదు. మేష్టారిని మాత్రం నెల తిరక్కుండా పెందుర్తి అవతలికి బదిలీ చేశారు. ఆ బదిలీ రాయించింది ఎవరో బడిలో అందరికీ తెలుసు. దొంగపేర్లన్నీ నాతోపాటే పదో తరగతికి పాసయ్యాయి. నేనిప్పుడు నర్సుని. ఆయన రాకపోయుంటే నేనెక్కడ ఉండేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

నిన్న సంతాపసభ జరిగింది. అదే హెడ్మాస్టరు మైకు పట్టుకుని, "తమ్ముడి బదిలీ ఆపడానికి నేను కాళ్ళరిగేలా తిరిగాను," అన్నాడు.

నేను లేచి, "అబద్ధం!" అన్నాను.

అందరూ కూర్చోమని సైగలు చేశారు. ఇదేనా సమయం, అని ఎవరో విసుక్కున్నారు. నేను కూర్చోలేదు. అప్పుడు ముందు వరసలో తల దించుకుని కూర్చున్న మేష్టారి భార్య లేచారు. నడుం పట్టుకుని నెమ్మదిగా వెళ్ళి అతని చేతిలోంచి మైకు తీసుకున్నారు. కాళ్ళకు చుట్టుకుంటున్న తీగను తప్పించుకుంటూ నా దగ్గరికొచ్చి, మైకు నా నోటి ముందు పెట్టారు.

"సెప్పమ్మా," అన్నారు. "నాను ఇంటన్నాను."