చీటీలో చివరి మాట

పనిమీద విజయవాడ వెళ్ళినప్పుడు, ఓ సాయంత్రం పటమటలో పునుగుల బండి దగ్గర నిలబడ్డాను. పక్కన కంకిపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన. ఆయన చేతిలో నాలుగు పార్సిళ్లు, ఒక చీటీ. చీటీ నిండా తినుబండారాల పేర్లు.

“ఊళ్ళో రుచులన్నీ ఒక్కరోజే చుట్టేస్తున్నారే!” అన్నాను నవ్వుతూ.

“మావాడికి ఇష్టమైనవన్నీ వాడి ఫ్రెండ్స్ రాసిచ్చారండీ. రేపు వాడి పెద్దకర్మ. ఇష్టమైనవి పెట్టకపోతే కాకి ముట్టదు కదండీ. ఇరవయ్యేళ్లు పెంచానుగానీ, వాడు బయట ఏం తినేవాడో నాకు తెలీదు.”

చేతిలో పునుగుల ప్లేటు బండి మీద పెట్టేశాను.

ఆయన చీటీలో చివరి మాట చూపించారు. “ఈ ట్రాంపొలిన్ ఎక్కడా దొరకలేదండీ. ఏ కొట్లో అమ్ముతారు?”

“అది తినేది కాదండీ. మాల్‌లో కుర్రాళ్ళు ఎగిరి గంతులేసే ఆట.”

ఆయన చేతిలోని పార్సిళ్ల వంక చూసుకున్నారు.

“మరి దాన్ని విస్తట్లో ఎలా పెట్టాలండీ?”