ముందెవరూ నడవని గడ్డి మిషన్

నిజామాబాద్‌లో ఆషాఢం ఊర పండుగ అయిన మూడో రోజు, బుధవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు నేను గడ్డి కోసే మిషన్ మీద కూర్చుని ఉన్నాను. టైము ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, సేటు తన చేతి గడియారం చూసి పైకే చెప్పాడు.

"ఎనిమిదీ పది. తొమ్మిదికి నేను నిజామాబాద్‌ల ఉండాలె. నడుపు పెద్దాయనా, సూస్త."

ఆ కాసేపట్లో తేలవలసింది ఒక్కటే. మా ఎద్దు కొట్టంలో ఉంటుందా, పశువుల అంగడికి పోతుందా.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు. చోటు బోధన్ రోడ్డు మీది ఫంక్షన్ గార్డెన్. అంతకు ముందు అది ఆఫీసర్ల క్లబ్బు. నేను చిన్నప్పటి నుంచీ చెరకు బండ్లు తోలినవాణ్ణి. రుద్రూర్ వైపు చేలల్లో చెరకు ఎత్తుకుని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో పడిగాపులు కాసినవాణ్ణి. లారీలు, ట్రాక్టర్లు ఎక్కువయ్యాక ఎనభైలలో ఆ క్లబ్బులో మాలీగా చేరాను. క్లబ్బు పోయి, ఆ చోటు కొన్న సేటు వచ్చాడు. నేను, గడ్డి అక్కడే ఉన్నాం.

ఆ గడ్డి కోయడానికి ఎద్దు లాగే మిషన్ ఉండేది. ఒక ఇనుప రోలరు, దాని ముందు గుండ్రంగా తిరిగే కత్తులు. ఎద్దు లాగుతుంటే వెనక నుంచి నేను పిడి పట్టుకుని నడవాలి. గిట్టలు దిగితే గడ్డిలో గుంటలు పడతాయని ఎద్దు నాలుగు కాళ్లకూ తోలు బూట్లు కట్టేవాళ్లం. బోధన్‌లో చెప్పులు కుట్టే ఒకాయన వాటిని కుట్టి ఇచ్చేవాడు. కొత్తగా చూసినవాళ్లు నవ్వేవాళ్లు. మాకు అది రోజూ చేసే పని, నవ్వడానికి ఏమీ లేదు.

ఎద్దు ముందు నా భార్య నడిచేది. ముకుతాడు ఆమె చేతిలో ఉండేది. బూట్లు కట్టేది కూడా ఆమే. కొట్టంలో కూర్చుని, "కాలియ్యి కొడుకా" అంటే ఎద్దు ముందు కుడికాలు ఎత్తి ఆమె ఒళ్లో పెట్టేది. మాకు పిల్లలు లేరు. ఎద్దును కొడుకా అంటే నాకు కోపం వచ్చేది. "అది కొడుకైతే నేనేంది?" అని ఒకసారి అడిగాను. "నువ్వు ఎనుక నడిచెటోనివి" అంది. పని లేని పూట కొట్టం నీడలో బీడీలు చుట్టేది.

యాభై దాటాక మాకు అక్షరాలు చెప్పడానికి ఒక మేడం వచ్చేది. ఇద్దరమూ కూర్చున్నాం. నా భార్య చేతుల్లో పలక నిలిచేది కాదు, బీడీ ఆకు నిలిచేది. "నువ్వు నేర్సుకో, నాకు సదివి సెప్పు" అని లేచిపోయింది. నేర్చుకున్నాను. చదివి చెప్పింది తక్కువ. జ్వరం తగిలి ఆమె ఒక చలికాలంలో పోయింది.

ఆ తరువాత ఎద్దుకు రెండు పొడుగాటి పగ్గాలు కట్టాను. బండికి కట్టినట్లే. ఒక చేత మిషన్ పిడి, ఒక చేత పగ్గాలు. గడ్డి కోత సాగింది, కానీ వంకరగా సాగింది. ఎద్దుకు ముందు మనిషి లేకపోతే తోచేది కాదు. నాలుగడుగులు వేసి ఆగి తల పక్కకు తిప్పి చూసేది. నాకూ తోచేది కాదు.

ఒక పొద్దున సేటు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడే. చుట్టూ తిప్పి మాట్లాడడు.

"పెద్దాయనా, ఎద్దు ముసల్దయింది. నువ్వు గూడ ముసలోనివైనవ్. శ్రావణం పడితే పెండ్లిండ్లు షురువైతయి. ఇంజను మిషన్ తెస్త. నువ్వు నడిపితివా, రూము నీదే, కొట్టం నీదే. ఎద్దును సచ్చేదాక తిననియ్యి, నేనేమన. నడపరాదా, నడిపెటోన్ని తెస్త. వానికి రూము ఇయ్యాలె, కొట్టంల మిషన్ పెట్టుకుంటడు."

"ఎద్దు?"

"అంగడికి. ఇంకేం జేస్తం?"

అంగడికి పోయిన ముసలి ఎద్దు ఏమవుతుందో నాకు తెలుసు. సేటుకూ తెలుసు.

మిషన్ ఎంచడానికి నన్ను జీపులో నిజామాబాద్ తీసుకుపోయాడు. ఒక దుకాణం గోదాములో మూడు ఉన్నాయి. ఒకటి చేత్తో తోసుకుంటూ వెనక నడిచేది. దానికి కాళ్లు కావాలి. నా మోకాళ్లు అప్పటికే పోయాయి. రెండోది చిన్న ట్రాక్టరులా స్టీరింగు ఉన్నది. మూడోది హైదరాబాద్‌లో ఏదో రిసార్టులో వాడి అమ్మేసిందట. దానికి స్టీరింగు లేదు. సీటుకు అటొకటి ఇటొకటి రెండు రాడ్లు, ఒళ్లో దాకా వంగి ఉన్నాయి. దుకాణం ఆయన దాని మీద కూర్చుని, ఉన్నచోటనే బొంగరంలా తిప్పి చూపించాడు.

"దీన్ని జీరో టర్న్ అంటరు తాతా. ఉన్నకాన్నే తిరుగుతది. ఎడమ రాడ్డు గుంజితే ఎడమకు, కుడిది గుంజితే కుడికి. కానీ నీకెందుకు, స్టీరింగుది తీస్కో. కారు నడిపినట్లే ఉంటది."

"నేనెప్పుడు కారు నడిపిన?"

"మరి గిదేమన్న నడిపినవా?"

"ఎడమది గుంజితే ఎడమకు, కుడిది గుంజితే కుడికి. గది ఎడ్లబండే గదా! పుట్టినకాడికెల్లి గదే నడిపిన."

ఆయన నవ్వి, "గట్లనే అనుకో" అన్నాడు. సేటు నా మొహం చూశాడు. "ఆలోచించే చెప్తున్నవా?" అని అడిగాడు. రాడ్లు పట్టుకుని చూశాను. చేతులకు పరాయిగా అనిపించలేదు. అదే కావాలన్నాను.

నేను గట్లనే అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

నేర్పడానికి సేటు బోధన్ నుంచి ఒక ట్రాక్టర్ మెకానిక్‌ను పిలిపించాడు. నలభై ఏళ్ల మనిషి, ముసల్మాను, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. రోజూ పొద్దున వచ్చి రెండు గంటలు నేర్పేవాడు. నన్ను చచా అని పిలిచేవాడు. నేను భాయ్ అనేవాణ్ణి.

మొదటి రోజే ఇంజను నాలుగైదు సార్లు ఆగిపోయింది. మిషన్ చెడిందనుకున్నాను.

"మిషన్ మంచిగనే ఉంది చచా. నువ్వు సీట్లకెల్లి లేస్తున్నవ్. లేస్తే బందైతది. దానికి పైన మనిషి బరువు కావాలె. ఎందుకు లేస్తున్నవ్?"

"ముందట ఏమున్నదో సూస్తందుకు."

"ముందట ఏముంటది? గడ్డి ఉంటది."

ఆ మాట నిజమే. అక్కడ గడ్డే ఉంది. ఆమె ఉన్నన్నాళ్లూ నా ముందు ఎద్దు నడుము, దాని ముందు ఆమె వీపు, ఆమె కొంగు. వాటిని చూసి గీత పట్టేవాణ్ణి. ఇప్పుడు సీటు ముందు ఏమీ లేదు. ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ తిన్నగా నడపడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. రాడ్ల కన్నా కష్టం.

మాట్లాడడానికి కూడా ఎవరూ లేరు. ఎద్దుతో రోజంతా ఏదో ఒకటి అనేవాణ్ణి. ఎండ గురించి, మోకాళ్ల గురించి, పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి గురించి. అది చెవులు ఆడించేది. మిషన్ మీద కూడా అలవాటుగా మాట్లాడాను. ఇంజను మోతలో నా మాట నాకే వినపడలేదు.

రెండో రోజు వరస చివర ఉన్నచోటనే గిర్రున తిప్పాను. చక్రం కింద గడ్డి గుండ్రంగా చిరిగి నల్లమట్టి బయటపడింది. దిగి, వేర్లు అణిచి, నీళ్లు పోశాను. అప్పటి నుంచి వరస చివర ఎద్దును తిప్పినట్లే దూరంగా, వెడల్పుగా చుట్టి తిప్పాను.

"చచా, గింత పెద్ద జాగల తిరిగెటందుకు జీరో టర్న్ ఎందుకు కొన్నరు? స్టీరింగుదే తీస్కుంటే అయిపోవు."

"గడ్డి సస్తది భాయ్."

హాలు ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని అంతా చూస్తూ ఉండేది. నన్ను అన్నా అనేది. నోరు ఊరుకునేది కాదు.

"అన్నా, గా మిషన్‌కు గూడ బూట్లు కుట్టియ్యరాదు?"

నాలుగు రోజులకు నడపడం వచ్చింది, తిప్పడం వచ్చింది. ఆపడం రాలేదు. బండి ఆపాలంటే రెండు పగ్గాలూ వెనక్కి గుంజుతాం. ఎడ్లు నిలబడతాయి. ఈ మిషన్‌కు రెండు రాడ్లూ వెనక్కి గుంజితే వెనక్కి పరుగెత్తుతుంది. ఎంత గుంజితే అంత జోరుగా పోతుంది. నేను ఆగలేదని ఇంకా గుంజేవాణ్ణి.

"ఖీంచో నక్కో చచా! గుంజకు! చేతులు తీసెయ్!" అని భాయ్ పక్కన పరుగెత్తేవాడు.

చేతులు తీస్తే ఆగేది. ముందుకు పోతున్నప్పుడైతే రాడ్లను మెల్లగా నడిమికి తెచ్చి, రెక్కల తలుపు తెరిచినట్లు బయటికి తీయాలి. తీరిగ్గా ఉన్నప్పుడు తీసేవాణ్ణి. ఎవరైనా ఉన్నట్టుండి అరిస్తే మాత్రం చేతులు వాటి పని అవే చేసేవి. గుంజేవి. బుద్ధికి చెప్పాను, చేతులకు చెప్పడం నా వల్ల కాలేదు.

"అన్న ఎనుకకు పోవుడు మంచిగ నేర్సిండు" అంది ఊడ్చే ఆమె.

అట్లా ఆ బుధవారం వచ్చింది.

సేటు గడియారం చూసుకుని మైదానం మధ్యలో నిలబడ్డాడు. భాయ్ ఆయన పక్కన. ఊడ్చే ఆమె మెట్ల మీద. నేను ఒక వరస కోశాను, తిన్నగానే వచ్చింది. క్రోటన్ మొక్కల దగ్గర వెడల్పుగా తిప్పుకుని సేటు వైపు వస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆపు" అని అరిచాడు.

గుంజాను. మిషన్ ఒక్క కుదుపు కుదిపి వెనక్కి పరుగెత్తింది. ఇంకా గుంజాను. క్రోటన్ మొక్కలు కత్తుల కింద పటపటమన్నాయి. మైదానం చుట్టూ కట్టిన గోడకు తగిలి ఇంజను ఆగిపోయింది. ఆకులు నా నెత్తి మీద పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. ఊడ్చే ఆమె కూడా నవ్వలేదు. అప్పుడు భయం వేసింది.

సేటు దగ్గరికి వచ్చి నలిగిన మొక్కలను చూశాడు. "గిట్లయితే పెండ్లిపిల్ల మీదికి గూడ ఎక్కిస్తవ్. పెద్దాయనా, నీకు రాదు. రాకుంటే రాదని చెప్పు, నేనేమన."

భాయ్ ముందుకు వచ్చాడు. "సేట్ సాబ్, మీరు ఒక్కసారే అరిచిన్రు. చచా గాబరాపడ్డడు. ఇంకొక్కసారి సూడున్రి."

"పెండ్లిల మెల్లగ చెప్తరా ఎవలన్న?" అన్నాడు సేటు. మళ్లీ గడియారం చూశాడు. "ఒక్కసారి. అయిపోయిందంటే అయిపోయింది."

మిషన్ మళ్లీ స్టార్ట్ చేశాను. కొట్టం గోడ సగమే ఎత్తు. ఇంజను మోత విని ఎద్దు గుంజ దగ్గర లేచి నిలబడింది. ముందు కుడికాలు ఎత్తి పట్టుకుంది. మోత ఇంజనుదైనా కత్తులదైనా, గడ్డికోత అంటే దానికి బూట్లు కట్టే వేళ. ఎవరో వచ్చి కడతారని ఎత్తిన కాలు దించకుండా నిలబడింది.

నేను మిషన్‌ను మలిపి, సేటు వైపు నడిపాను. ముందు ఏమీ లేదు. ఆ ఖాళీలో ఆమె ఎక్కడ నడిచేదో అక్కడ చూపు పెట్టాను. ఆమె ఎద్దును ఎట్లా ఆపేదో అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి రోజూ చూశాను కానీ ఎన్నడూ పట్టించుకోలేదు. ఆమె తాడు గుంజేది కాదు. తను నిలబడేది. తాడు వదులయ్యేది. వదులైతే ఎద్దు నిలబడేది. గుంజి ఆపడం నా పద్ధతి. ఆమెది వదిలి ఆపడం.

"ఆపు!" సేటు ఈసారి ఇంకా గట్టిగా అరిచాడు.

ఆమె నిలబడిందనుకున్నాను. చేతులు వదులు చేశాను. రాడ్లు నడిమికి వచ్చాయి, బయటికి తెరిచాను. మిషన్ సేటు చెప్పులకు రెండు గజాల ఇవతల నిలబడింది. వెనక్కి పోలేదు.

సేటు కదలకుండా నిలబడి, "మళ్ల ఒకపాలి" అన్నాడు. మళ్లీ ఆపాను. మిషన్‌ను అటు వైపు తిప్పించి, కోయించి ఆపించాడు. ఆపాను.

"సరే" అన్నాడు. "కొట్టం సంగతి ఒడిసింది. ఎద్దు ఆన్నే ఉండనియ్యి. గా మొక్కలు మళ్ల నాటు." జీపెక్కి పోయాడు.

భాయ్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఎట్ల ఆపినవ్ చచా?" అని అడిగాడు. "నువ్వు చెప్పినట్లే" అన్నాను. అదీ అబద్ధం కాదు.

మిగిలిన మైదానం మధ్యాహ్నానికి అయిపోయింది. ఎద్దుతో రెండు రోజుల పని. అంత తొందరగా అయిపోతే మిగిలిన పొద్దు ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కొట్టంలోకి పోయాను. నన్ను చూసి ఎద్దు మళ్లీ కాలెత్తింది. పని లేదని దానికి ఎట్లా చెప్పను? కూర్చున్నాను. కాలు నా ఒళ్లో పెట్టింది. "కాలియ్యి కొడుకా" అన్నాను, అది అప్పటికే ఇచ్చినా. నాలుగు బూట్లూ కట్టాను. ఆమె కట్టిన ముడి నాకు రాదు, నా ముడే వేశాను. పగ్గాలు విప్పేసి ముకుతాడు పట్టుకుని కోసిన గడ్డి మీదికి తెచ్చాను. దాని వెనక మిషన్ లేదు. నేను ముందు నడిచాను, మొదటిసారి. తాడు వదులుగా పట్టుకున్నాను. నేను ఆగితే ఆగింది. చివరిదాకా పోయి, వెడల్పుగా తిరిగి, వెనక్కి వచ్చాం. ఈసారి అది ఆగి తల పక్కకు తిప్పి చూడలేదు.

తరువాత ఆ ఎద్దు రెండు వానాకాలాలు బతికింది. ఇంజను మోగిన ప్రతిసారీ కాలెత్తింది. నేను మిషన్ మీద నుంచి చూసేవాణ్ణి. దిగితే ఇంజను ఆగిపోతుంది కాబట్టి దిగేవాణ్ణి కాదు.

ఆ బుధవారం అక్కడ ఉన్నది సేటు, బోధన్ మెకానిక్ భాయ్, హాలు ఊడ్చే చెల్లె, కొట్టంలో ఎద్దు, మిషన్ మీద నేను. ఇంకెవరూ లేరు.