దక్షిణం గోడ

మొన్న కాకినాడలో బంధువుల అమ్మాయిని చూడడానికి ఓ కొత్త నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. తలుపు తీయగానే ఫినాయిలు, చెమట కలిసిన వేడి ముఖానికి కొట్టింది. గదికి కిటికీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రత్నకుమారి గారే ఉంటే ఆ ప్లాను గీసినవాడిని నిలదీసి కడిగేసేవారు.

ఆవిడ అమలాపురంలో ఇళ్లు కట్టించే ఇంజనీరు, మా మేడం. తొంభైల చివర్లో ఆవిడ దగ్గర ప్లాన్లు గీసే పనిలో చేరాను. ఇల్లు కట్టుకుంటామని వచ్చినవాళ్లను గదులెన్నని ఆవిడ ముందుగా అడిగేవారు కాదు. “పగలల్లా ఇంట్లో ఉండేదెవరండీ?” అనేవారు. ముసలమ్మో బాలింతో ఉంటే వాళ్ల మంచం ముందు గీసి, దాని చుట్టూ ఇల్లు గీసేవారు. మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చే సముద్రపు గాలి ఆ మంచానికి తగలాల్సిందే.

ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్లో ఓ పెద్దరైతు తన తల్లి పేరున కాన్పుల వార్డు కట్టిస్తానన్నారు. మేడం దానికి దక్షిణాన నాలుగు కిటికీలు పెట్టి ప్లాను వేయించారు. ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఆయన సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చేశారు. “దక్షిణం కిటికీలు వాస్తుకి పనికిరావంటమ్మాయ్. అవి తీసేయ్. ఆ గోడకి మా అమ్మ పేరు రాయించి పాలరాయి పెడతాం.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాను. పెద్దమనిషి మెచ్చుకుంటాడని నా సంబరం. అరగంటలో నాలుగు కిటికీలూ చెరిపేశాను, మేడంకి చెప్పనైనా లేదు. కట్టుబడి అంతా ఆయన మేస్త్రీలే చూసుకోవడంతో, ఆవిడకు తెలిసేసరికి ప్రారంభోత్సవం కూడా అయిపోయింది. పరుగున వెళ్లి గోడకు కిటికీలు పెట్టించమని ఆయన్ని బతిమాలారు.

“మా అమ్మ పేరు పీకేయమంటారేంటండీ?”

“ఆ గదిలో పడుకునేవాళ్లూ అమ్మలేనండీ!”

ఆయన వినలేదు. ఆ వేసవిలో ఓ మిట్టమధ్యాహ్నం మేడం నన్ను ఆ వార్డుకు తీసుకెళ్లి, ఖాళీ మంచం చూపించి, “పడుకోమ్మా, ఓ గంట,” అన్నారు. తిట్టలేదు. బయటికి వెళ్లి కూర్చున్నారు. కరెంటు లేదు. పక్క మంచం మీద బాలింత క్యాలెండరు అట్టతో పసిగుడ్డుకు విసురుతోంది.

“వరండాలో పడుకుందామంటే అక్కడ మగాళ్లు కూర్చుంటారండీ,” అంది. అట్ట చెయ్యి మార్చుకుని, “ఈ గది గీసినోళ్లింట్లో ఆడోళ్లు లేరేమోనండీ,” అంది.

ఆ అట్ట అందుకుని, గంటయ్యేదాకా నేనే విసిరాను.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చి, ఏసీ ఉంటుందిగా, కిటికీలెందుకు మేడం, అనేవాళ్ల మీద గొంతు చించుకుని అరుస్తాను. నాకింత కోపమేమిటని వాళ్లు విస్తుపోతారు. ముమ్మిడివరం దగ్గరి ఆ వార్డులో ఇవాళ్టికీ ఎవరో ఒకామె పసిబిడ్డకు విసురుతూనే ఉంటుంది. పాలరాతి మీద ఆ తల్లి పేరుంది. గోడ మాత్రం నాది.