తమ్ముడి మీదికి వచ్చింది అమ్మ కాదని తెలిసీ

ఇన్నేళ్లుగా ఈ మాటను లోపలే మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. ఎక్కడ పడిపోతాడోనని పెళ్లిళ్లకు పిలిచేవారు కాదు. దవాఖానకు తీసుకుపోయేది నేనే. డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది: ఫిట్స్ వరుసగా వచ్చాక ఒకటి రెండు రోజులు బాగానే ఉండి, ఆ తర్వాత ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతోందంటే వెంటనే తీసుకురావాలి, అదీ ఈ జబ్బు వల్లే, తగ్గడానికి మందుంది. అర్థమైందా అని అడిగింది. తలూపాను.

ఊళ్లో బోనాల ముందు సరిగ్గా అలాగే జరిగింది. వరుసగా ఫిట్స్ వచ్చాయి. తర్వాత మామూలుగానే తిన్నాడు, తిరిగాడు. ఆపైన నిద్ర మానేసి, ఎల్లమ్మ తనతో మాట్లాడుతోందన్నాడు. మా బాపు నమ్మాడు, ఊరూ నమ్మింది. వాణ్ని పీట మీద కూర్చోబెట్టి పసుపు పూశారు. పక్కన కూర్చోనివ్వని వాళ్లే కాళ్లు మొక్కారు. అమ్మ ఒంటి మీద ఉండగా రోజూ వేసుకునే మూర్ఛ గోళీలెందుకని మాన్పించారు.

నేను నోరు మెదపలేదు. ఎందుకు? భయమా? కాదు. మావాడికి అంత మర్యాద దక్కడం ఎన్నడూ చూడలేదు, ఇంకో రెండు రోజులు ఉంటే ఏం పోతుందిలే అనుకున్నాను, పైగా అమ్మ పూనినవాడి అక్కనని నన్నూ పిలిచి ముందు కూర్చోబెడుతుంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది, నాకు సంబరంగా ఉండింది.

బోనాల నాడు, అమ్మ పెట్టమందంటూ, మండే నిప్పుల్లో చెయ్యి పెట్టాడు.

అప్పుడు దవాఖానకు ఎత్తుకుపోయాం. మందులతో కొన్నాళ్లకు ఆ మాటలు వినపడటం ఆగిపోయింది. కుడిచేతి వేళ్లు మాత్రం అతుక్కుపోయాయి.

ఇప్పుడు గోళీలు తప్పకుండా వేసుకుంటాడు. ఫిట్స్ కూడా తగ్గాయి. కానీ అప్పుడు మాట్లాడింది అమ్మ కాదు, అది జబ్బేనని డాక్టరమ్మ ఎంత చెప్పినా వాడి మనసుకు ఎక్కలేదు. ఒకరోజు అన్నం కలిపి పెడుతుంటే అడిగాడు.

"అక్కా, నేనేం తప్పు జేసిన్నే? అమ్మ నన్నెందుకు ఇడిసిపెట్టిపోయింది?"

"నువ్వేం జెయ్యలే తమ్మీ. జర తిను."

ఇంకో ముద్ద కలిపి నోటికందించాను. అది జబ్బని తెలిసీ నేనే చెప్పలేదని ఒక్క మాట అంటే, ఆ తప్పును వాడు తన నెత్తిన వేసుకోవడం మానేవాడేమో. మీకు చెప్పుకున్నాక గుండె కాస్త తెరిపిన పడింది. వాడు మాత్రం ఇంకా, ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటూనే ఉన్నాడు.